చెంప ఆనించిన చోటు

ఇచ్చోడ దగ్గరి చేనింటి నుంచి,
జూలై 14

అన్నకు రాధ నమస్కరించి రాసేది,

ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వుకుంటావేమో. ఫోను చేస్తే ఇటు నేను ఒక్కదాన్నే మాట్లాడాలి, అటు నీ గొంతు పలకదు. నీ గొంతు ఆపరేషన్ అయిన కొత్తలో రెండుసార్లు అలాగే చేశాను. నువ్వు వింటున్నావో, ఫోను పక్కన పెట్టేశావో తెలియక నా మాటలు నాకే వినబడి భయమేసింది. మెసేజ్ పెడదామంటే ఈ చేనుకాడ సిగ్నల్ లేదు, రోడ్డెక్కితే గాని రాదు. అందుకే కాగితం పట్టుకున్నాను.

తుపాకీ ఇంటికి వచ్చింది. మీ బావ చనిపోయిన వారానికే నియమం ప్రకారం ఠాణాలో అప్పగించాం కదా, ఏడాది తిరిగాక లైసెన్సు నా పేరుకు మారింది. కానీ దాన్ని మేమే కాన్వాసు సంచిలో కట్టి ఇచ్చాం. ఆ సంచి వానాకాలమంతా చెమ్మ పీల్చినట్టుంది. ఇనుము బాగానే ఉంది. భుజానికి ఆనించే కట్టె భాగం, ఆయన కుందా అనేవారు చూడు, అది పాడయింది. పాలు పొంగి ఎండిన గిన్నెలా తెల్లతెల్లటి మచ్చలు. చేత్తో రాస్తే గరుకుగా తగులుతోంది. ఆయన ఉన్నప్పుడు అది పండిన ఖర్జూరం రంగులో మెరిసేది.

ఇచ్చోడలో ఫర్నిచర్ చేసే అతన్ని అడిగితే వార్నిష్ కొడతానన్నాడు. నాకు మనసొప్పలేదు. ఆయన ఎప్పుడూ వార్నిష్ వాడలేదు, ఏదో నూనె రాసేవారు. నీకు తెలిసి ఉంటుంది. మీరిద్దరూ కలిసి కూర్చుని ఆ పని చేసేవారు. ఏం చేయాలో వివరంగా రాయి.

పత్తి మొలకలు బాగా వచ్చాయి. వాన మాత్రం ఆగి ఆగి పడుతోంది.

నీ చెల్లె
రాధ


కరీంనగర్,
జూలై 27

చెల్లె రాధకు,

వార్నిష్ కొట్టనివ్వకపోవడం మంచిదైంది. వార్నిష్ కట్టె మీద పొరలా కూర్చుంటుంది, ఒక్క దెబ్బ తగిలితే లేచిపోతుంది. మీ కుందా అక్రోటు కట్టె. దానికి పెట్టింది నూనె మెరుగు. నూనె లోపలికి దిగి కట్టెలో కట్టెగా గట్టిపడుతుంది, అందుకే చెడినా మళ్లీ బాగుచేయవచ్చు. ఫికర్ చేయకు.

ముందుగా గొట్టాలు విప్పి పక్కన పెట్టు. మెత్తటి పాత చీర ముక్కను రంగుల దుకాణంలో దొరికే తార్పిన్ నూనెలో కొద్దిగా తడిపి, కట్టె మీది జిడ్డంతా తుడువు. రెండు రోజులు నీడలో ఆరనివ్వు. తరువాత అవిసె నూనె నాలుగు చుక్కలు అరచేతిలో వేసుకొని చేయి వేడెక్కేదాకా రుద్దు. అరగంటకు పైన మిగిలిన నూనెనంతా తుడిచేయి. మెరవాలని ఎక్కువ పూస్తే బంకలాగా మిగిలిపోతుంది. వారం ఆగి మళ్లీ ఒకసారి. ఈ వానల్లో పది రోజులైనా ఆగు. మచ్చలు మెల్లగా తగ్గుతాయి. మైనం సంగతి ఆ తరువాత రాస్తాను.

నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలకు పడేయకు. అవిసె నూనె గుడ్డలు వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. తీగ మీద విప్పి ఆరేయి.

నీకు రాస్తూ నేను కూడా నాన్న తుపాకీని బీరువాలోంచి తీసి బల్ల మీద పెట్టుకున్నాను. దాని కుందా కూడా నూనె అడుగుతోంది. నువ్వక్కడ, నేనిక్కడ ఒకే పని చేద్దాం.

తూటాలు ఎక్కడ పెట్టావు? తుపాకీ ఉన్న గదిలో పెట్టకు.

అన్న
కరుణాకర్‌రావు


చేనింటి నుంచి,
ఆగస్టు 20

అన్నకు,

ఇచ్చోడ అంగట్లో అవిసె నూనె అంటే దుకాణమతను బిత్తరపోయి చూశాడు. పక్కనున్న ముసలావిడ "జవస్ తేల్ అడుగుతుంది బిడ్డా" అని చెబితే అప్పుడిచ్చాడు. పెళ్లయి ముప్పై ఏళ్లు దాటినా, మన సుల్తానాబాద్ మాట నోట్లోంచి పోలేదు నాకు.

నువ్వు చెప్పినట్టే చేశాను. రెండో పూతకు తెల్ల మచ్చలు సగం పోయాయి. అరచేత్తో రుద్దుతుంటే కట్టె గీతలు ఒక్కొక్కటే పైకి తేలాయి. ఇన్నేళ్లు ఇంట్లో ఉన్న వస్తువు, నేను ఒక్కసారీ చేత్తో తాకలేదు. ఆయన తాకనివ్వలేదని కాదు, నాకు పని పడలేదు.

ఒక సంగతి అడగాలి. కుందా ఎడమ పక్కన, పైఅంచుకు దగ్గర, అరచేయంత మేర నల్లగా ఉంది. మొదట బూజు అనుకొని తార్పిన్ గుడ్డతో రెండు రుద్దులు రుద్దాను. గుడ్డకు నలుపు అంటింది, దాంతోపాటు కొబ్బరినూనె వాసన. అప్పుడు తెలిసింది, అది ఆయన చెంప ఆనించిన చోటు. గురి చూసేటప్పుడు ముఖం పెట్టే చోటు. ఇన్నేళ్ల చెమట, తలనూనె. నా చేయి అక్కడే ఆగిపోయింది. ఆయన బట్టలు దానం ఇచ్చేశాం, మంచం పరుపు మార్చాం, కళ్లజోడు మా మరిది కొడుకు ఉజ్వల్ ఎక్కడో పెట్టాడు. ఆయన ముఖం తగిలిన వస్తువు ఇంట్లో ఇదొక్కటే మిగిలింది. జిడ్డంతా తుడవాలని నువ్వు రాశావు. తుడవకపోతే కట్టెకు చెడా?

లచ్చయ్య అడవి వైపు ఊరి నుంచి తేనె మైనం తెచ్చాడు. చేన్లో పనికి ఇప్పుడు అతనొక్కడే వస్తున్నాడు. మైనం మంచిదో కల్తీదో నాకు తెలియదు, చిన్న ముక్క ఈ కవర్లో పెట్టాను. నువ్వు వాసన చూసి చెప్పు.

రాధ


కరీంనగర్,
సెప్టెంబర్ 9

చెల్లె రాధకు,

మైనం ముక్క అందింది. రంగు బాగుంది, గోటితో గీకితే పొడిగా రాలకుండా మెత్తగా లేచింది. మంచిదే. వాసన మాత్రం చెప్పలేను. మెడకు రంధ్రం పెట్టాక ఊపిరి అక్కడి నుంచే ఆడుతోంది, ముక్కుకు గాలి వెళ్లదు. వాసనలు పోయాయి. ఈ మాట ఇంతవరకు ఎవరికీ రాయలేదు. అన్నం మాడినా తెలియదు. పోయిన నెల పొగ కనబడితే గాని పొయ్యి ఆపలేదు. నీ మైనాన్ని ముక్కు దగ్గర పెట్టుకొని కాసేపు కూర్చున్నాను. మీ వదిన నర్మద ఉన్నప్పుడు దేవుడి గదిలో వెలిగించే మైనపు వత్తుల వాసన అలాగే ఉండేదని గుర్తుంది, అంతే. వాసన రాలేదు.

ఆ నల్ల చోటు తుడవకు. తుడవకపోతే కట్టెకు ఏమీ కాదు. బావ చెంప కుడివైపుకు కొంచెం వంచి గురి పెట్టేవాడు. నేను ఎన్నిసార్లు చెప్పినా మార్చుకోలేదు. దాని మీద నుంచే నూనె పూయి, నలుపు నలుపుగానే నిలుస్తుంది.

మైనం ఇలా చేయి. సన్నగా తురిమి గిన్నెలో వేసి, ఆ గిన్నెను వేడినీళ్లలో పెట్టి కరిగించు. నేరుగా మంట మీద పెట్టకు. కరిగాక బయటికి తెచ్చి, మంటకు దూరంగా తార్పిన్ కలుపు. చల్లారితే వెన్నలా అవుతుంది. అయితే నూనె పూర్తిగా ఆరకముందు మైనం పూయకు. వేలితో నొక్కితే వేలిముద్ర పడకూడదు. నూనె కట్టెకు లోపలి బలం, మైనం పైన గొంగడి వంటిది. వాన చినుకు, చేతి చెమట నిలవనివ్వదు. దాచేటప్పుడు తుపాకీని గొట్టం కిందికి ఉండేలా పెట్టు. లేకపోతే ఇనుముకు పెట్టిన నూనె కట్టెలోకి దిగి మెత్తబరుస్తుంది.

తూటాల సంగతి నువ్వు రాయలేదు.

ఇక్కడ విశేషాలు లేవు. ఉదయం చాయ్ హోటల్ వరకు పోయి వస్తాను. మెడకు కట్టుకున్న గుడ్డను చూసి పిల్లలు దగ్గరికి రారు. చాయ్ ఇచ్చే సిద్దిరాములు నా పలక చదవక ముందే గ్లాసు పెడతాడు. అందువల్ల ఆ నాలుగు అక్షరాలు రాసే పని కూడా తప్పింది.

కరుణాకర్‌రావు


చేనింటి నుంచి,
అక్టోబర్ 12

అన్నకు,

తొందరపడ్డాను. మూడో పూత ఆరిందనుకొని మైనం పూశాను. బంకబంకగా అయింది. పత్తి ఏరి వచ్చి అలాగే పట్టుకుంటే దూది పింజలు అంటుకున్నాయి. మళ్లీ తార్పిన్‌తో తుడవాలా, ఆరేదాకా వదిలేయాలా?

పందులు దిగాయి. మొక్కజొన్న ఒక మూల పూర్తిగా తొక్కేశాయి. లచ్చయ్య డబ్బాలు కొడుతున్నాడు, వాటికి అలవాటైపోయింది. ఊళ్లో ఒంటరి ఆడదని ఎవరూ పైకి అనరు గానీ, చేను అమ్ముతావా అని అడిగే వాళ్లు వారానికి ఒకరు వస్తున్నారు. అలా వచ్చినప్పుడు తుపాకీ అరుగు మీద కనబడేలా పెడతాను. వాళ్లు చాయ్ తాగి వెళ్లిపోతారు.

పొద్దు వాలే వేళ మాత్రం కష్టంగా ఉంటుంది అన్నా. లచ్చయ్య వెళ్లిపోతాడు. అప్పటి నుంచి మళ్లీ తెల్లవారి అతను "అమ్మా" అని పిలిచేదాకా ఈ ఇంట్లో మనిషి గొంతు ఉండదు. ఆ వేళకు తుపాకీని ఒడిలో పెట్టుకొని అరుగు మీద కూర్చుంటాను. నల్లగా ఉన్న ఆ చోటు మీద చేయి పెట్టుకుంటాను. అలా కూర్చుంటే ఇంకేదీ తోచదు. వంట చేయబుద్ధి కాదు. ఒక్కోరోజు అలాగే నిద్రపోతాను.

పిచ్చిదాన్ననుకోకు. నీకు గాక ఇంకెవరికి రాస్తాను.

రాధ


కరీంనగర్,
అక్టోబర్ 19

రాధా,

మైనం సంగతి తరువాత. తూటాలు ఎక్కడున్నాయి? రెండుసార్లు అడిగాను, ఒక్కసారీ జవాబు రాయలేదు. ఈ ఉత్తరం అందిన రోజే రోడ్డు మీదికి వెళ్లి నాకు మెసేజ్ పెట్టు. ఒక్క మాట చాలు.

అన్న


చేనింటి నుంచి,
నవంబర్ 6

కరుణాకర్‌రావు గారికి,

మీ ఉత్తరం వచ్చిన రోజే ఉజ్వల్ కూడా వచ్చాడు. పోస్టుమ్యాన్ కవరు చేతికిస్తుండగానే కారు ఆగింది. నన్ను కాకూ అని పిలిచే ఈ మరిది కొడుకు ఎన్నడూ చెప్పకుండా రాడు. వచ్చీ రాగానే బీరువా తాళం అడిగాడు.

"కాకూ, తుపాకి నాకియ్యి. ఠాణాల అప్పజెప్పి వస్త. కరుణాకర్ మామ మెసేజ్ పెట్టిండు, నీ మనసు మంచిగ లేదట."

లచ్చయ్య అక్కడే ఉన్నాడు. పత్తి ఏరే ఆడవాళ్లు ఉన్నారు. అందరి ముందు అన్నాడు.

"నా మనసు సంగతి మామకు నేనే చెప్పుకుంట. నువ్వు చాయ్ తాగి పో" అన్నాను. తాగకుండానే పోయాడు. ఇప్పుడు వాళ్లింట్లో అందరికీ ఈ మాట తెలిసి ఉంటుంది. నన్ను ఆదిలాబాద్‌కు తీసుకుపోయి, చేను కౌలుకు ఇవ్వాలని వాళ్లు ఏడాదిగా అంటున్నారు. వాళ్లకు కావలసిన మాట మీరు అందించారు.

తూటాలు అడిగారు కదా. లేవు. ఒక్కటి కూడా లేదు. లైసెన్సు వచ్చాక నేను కొననే లేదు. నాకు తుపాకీ పేల్చడం రాదు, శబ్దమంటే భయం. అది ఖాళీ అని ఊళ్లో తెలిస్తే దాన్ని చూసి ఎవరూ ఆగరు. ఉజ్వల్‌కు తెలిస్తే ఖాళీ తుపాకీ ఎందుకంటాడు. అందుకే ఎక్కడా చెప్పలేదు, కాగితం మీద కూడా పెట్టలేదు. అంతే సంగతి.

ఒడిలో పెట్టుకొని కూర్చుంటానని రాశాను. మా ఆయన మీద చేయి వేసినట్టు ఉంటుందని రాశాననుకున్నాను. మీరు వేరేగా చదివారు. నన్ను అడిగి ఉంటే చెప్పేదాన్ని. నాకు ఉన్న ఒక్క అన్న, ఊరి ముందు నన్ను పిచ్చిదాన్ని చేశాడు.

రాధాబాయి


కరీంనగర్,
నవంబర్ 17

రాధకు,

నువ్వు "మీరు" అని రాస్తే చదవడానికి చాలాసేపు పట్టింది. ఉజ్వల్‌కు చెప్పకుండా నేనే బస్సెక్కి రావలసింది. భయంలో నీకు దగ్గరున్న మనిషి గుర్తొచ్చాడు. నేను అన్ని మాటలు రాయలేదు, నీ మనసు బాగోలేదని మాత్రం రాశాను. అది కూడా రాయకుండా ఉండవలసింది.

ఎందుకంత భయపడ్డానో చెబుతాను. నాన్న తుపాకీ నా దగ్గర లేదు. బల్ల మీద పెట్టుకొని నూనె రాస్తున్నానని రాసింది అబద్ధం. నీకు రాసిన పద్ధతంతా జ్ఞాపకం నుంచి రాశాను. నువ్వు ఒక్కదానివే ఆ పని చేస్తున్నావు కదా, తోడు ఉంటుందని అలా రాశాను, నాకు కూడా తోడుగా ఉండింది.

ఆపరేషన్ అయిన రెండు నెలలకు దాన్ని ఇక్కడి తుపాకుల దుకాణంలో దాచమని అప్పగించాను. అప్పుడు ఇంట్లో నేనొక్కణ్ని. సాయంత్రం అయితే బీరువా ఎదురుగా కుర్చీ వేసుకొని కూర్చునేవాణ్ని. మొదట నూనె రాద్దామని తీసేవాణ్ని. నాలుగైదు రోజులకు నూనె సీసా తీయడం మానేశాను, తుపాకీ మాత్రం తీసేవాణ్ని. ఒడిలో పెట్టుకొని కూర్చుంటే ఇంకేదీ తోచేది కాదు. నువ్వు రాసిన మాటే. సరిగ్గా అదే మాట. నా దగ్గర తూటాలు ఉండేవి.

ఒక ఉదయం గడ్డం గీసుకుంటూ అద్దంలో నా మెడ చూసుకొని, ఇవాళ సాయంత్రం ఈ ఇంట్లో ఇది ఉండకూడదు అనుకున్నాను. ఆటో మాట్లాడి దుకాణానికి పోయాను. ఎందుకు ఇస్తున్నారని అతను అడిగితే పలక మీద "ముసలితనం" అని రాశాను. డాక్టరుకు తరువాత చెప్పాను. మందులు ఇచ్చాడు, వాడుతున్నాను. ఇప్పుడు అలాంటి ఆలోచనలు లేవు. కానీ నీ ఉత్తరంలో ఆ వాక్యం చదివేసరికి నా కుర్చీ, నా బీరువా కనబడ్డాయి. అక్కడ కూర్చున్నది నువ్వని మరిచిపోయాను.

మైనం బంకగా ఉంటే తార్పిన్‌తో తుడిచి పదిహేను రోజులు గాలికి పెట్టు. మళ్లీ మొదలుపెట్టవచ్చు. పాడైపోలేదు.

అన్న


చేనింటి నుంచి,
డిసెంబర్ 15

అన్నా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు చేను వైపు పోలేదు. లచ్చయ్య ఏమైందమ్మా అంటే, మా అన్నకు పాణం బాగలేకుండెనట, నాకు చెప్పలే అన్నాను. అతను "గొంతు లేనోడు ఎట్ల చెప్తడమ్మా, మనమే పోయి చూడాలె" అన్నాడు. అతను మామూలుగానే అన్నాడు. నాకు మాత్రం తలెత్తబుద్ధి కాలేదు. ఆపరేషన్ అప్పుడు ఆసుపత్రికి వచ్చాను, వారం ఉండి వెళ్లిపోయాను. ఆయన పోయిన బాధలో నీ వైపు చూడలేదు. నేను రాసిన ఉత్తరాలన్నీ తలచుకున్నాను. పత్తి, పందులు, నూనె, నా సాయంత్రాలు. నీ సాయంత్రాలు ఎలా ఉన్నాయని ఎన్నడూ అడగలేదు.

నువ్వు చెప్పినట్టు తుడిచి, పదిహేను రోజులు నీడలో ఉంచాను. నిన్న మైనం పూశాను. ఈసారి పల్చగా, గోరుతో తీసినంతే. కాసేపు ఆగి ఖద్దరు గుడ్డతో రుద్దితే మెరుపు వచ్చింది. వార్నిష్ మెరుపు కాదు, లోపలి నుంచి వచ్చే మెరుపు. నీళ్ల చుక్క వేసి చూశాను, ముత్యంలా నిలబడి జారిపోయింది. దుకాణంలో ఎన్నేళ్లున్నా చెమ్మ పట్టదు అనుకుంటాను.

అవును, దుకాణం. దీన్ని అక్కడ అప్పగిస్తాను, నీది ఉన్నచోటే. నువ్వు ఈ ఇంటికి వస్తున్నావు, తుపాకీ ఉన్న ఇంటికి నిన్ను తీసుకురాను. ఉజ్వల్ అడిగితే ఇవ్వలేదు, నీకోసం ఇస్తున్నాను. మీ బావ ఉంటే ఇచ్చేవారో లేదో తెలియదు. నేను ఇస్తున్నాను. పందులకు సోలార్ తీగ కట్టిస్తున్నాను, పక్క చేను వాళ్లతో కలిపి. చేను అడగడానికి వచ్చేవాళ్లకు ఇకనుంచి అరుగు మీద నువ్వు కనబడతావు.

నేను సంక్రాంతి దాటాక నిన్ను తీసుకుపోవడానికి వస్తాను. అప్పటికి పత్తి ఏరడం అయిపోతుంది, దుమ్ము నీ మెడకు పడదు. ముందు గదిలోని పత్తి అంతా ఇప్పుడే తీయించి కడిగించాను. నీకు ఆ గదే. నెలకొకసారి డాక్టరుకు చూపించడానికి ఇద్దరం కరీంనగర్ వెళ్దాం. ఎన్నాళ్లుంటావో నువ్వే చెప్పు. వెంటనే చెప్పకు, వచ్చి చూశాక చెప్పు.

ఒక్కటే ఆలోచన. నేను వంటింట్లోనో దొడ్లోనో ఉంటే నీ పలక నాకు కనబడదు. పిలవాలంటే చప్పట్లు కొట్టు. నాకు వినబడుతుంది.

నీ చెల్లె
రాధ


కరీంనగర్,
డిసెంబర్ 24

చెల్లె రాధకు,

వస్తాను. రాకుండా ఉండడానికి నాలుగు కారణాలు రాసి, ఆ కాగితం చింపేశాను. నా దగ్గు చూడటానికి బాగుండదు, మెడలోంచి శబ్దం వస్తుంది, అన్నం నెమ్మదిగా తింటాను. ఇవన్నీ నీకు ముందే చెప్పాలి కాబట్టి చెబుతున్నాను.

దుకాణానికి పోయి మాట్లాడి వచ్చాను. నీ తుపాకీకి నాన్న తుపాకీ పక్కనే చోటు ఇస్తానన్నాడు. లైసెన్సు కాగితాలు మరువకు. నాన్న తుపాకీ కుందా ఒకసారి చూపించమన్నాను. ఎండిపోయి ఉంది. నువ్వు వచ్చినప్పుడు మిగిలిన మైనం, నూనె తీసుకురా. దుకాణంలోనే కూర్చుని దానికి కూడా ఒక పూత వేద్దాం. నీ చేయి తిరిగింది ఇప్పుడు, నాకంటే నువ్వే బాగా చేస్తావు.

నువ్వు చప్పట్లు కొట్టమన్నావు. నీ ఉత్తరం చదివిన మధ్యాహ్నం, హాల్లో నిలబడి కొట్టి చూశాను. మొదటిసారి సరిగా రాలేదు. రెండోసారి గట్టిగా కొట్టాను. ఇంత పెద్ద శబ్దం నా నుంచి వచ్చి ఏడాది దాటింది. గోడలకు తగిలి తిరిగి వచ్చింది. ఇంకోసారి కొట్టాను.

పక్కింటి కమలవ్వ పరేషాన్ అయి తలుపు కొట్టింది. "ఏమైంది సార్? పిలిచిన్రా?" అని అడిగింది.

లేదని తల ఊపి, పలక తీసుకొని రాసి చూపించాను. మా చెల్లెలింటికి పోతున్నా, పిలవడం నేర్చుకుంటున్నా అని.

అన్న
కరుణాకర్‌రావు